నాణెం మీది ముఖం

రోమను నాణేల మీది ముఖాలను చూస్తే ఆ మనిషి వీధిలో ఎదురైనా గుర్తు పట్టవచ్చుననీ, మన శాతవాహనుల నాణేల మీది ముఖాలను చూస్తే కన్నతండ్రి అయినా కొడుకును గుర్తు పట్టలేడనీ ఆ మధ్య ఒక మిత్రుడు అన్నారు. లెక్కల మేష్టారుగా పనిచేసి నాతోపాటే పదవీ విరమణ చేసిన మనిషి. మాట అంతటితో ఆగి ఉంటే నేను ఊరుకొనేవాణ్ణే. "మనవాళ్ళకు వర్ణించడం వచ్చును గాని చూడడం రాదండీ" అని కూడా అన్నారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఉపమాలంకారం చెప్పి పొట్ట పోసుకొన్న తెలుగు పండితుడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అప్పటికప్పుడు సమాధానం చెప్పలేదు. కొన్ని నెలలపాటు బొమ్మలు చూచి, దొరికిన పుస్తకాలు చదివి, ఇప్పుడు తీరికగా వ్రాస్తున్నాను. మిత్రులు ఓపికతో చదవ మనవి.

ముందుగా ఆయన మాటలో నిజమున్నదని ఒప్పుకోవాలి. రోమనులు ముఖాన్ని చూచిన తీరు నిజంగానే విడ్డూరం. పెద్దింటి వారు చనిపోయిన పెద్దల ముఖాలను మైనంతో పోత పోసి ఇంట్లో దాచుకొనేవారట. ఎవరైనా పోయినప్పుడు ఆ ముఖాలను ధరించి మనుషులు శవయాత్రలో నడిచేవారని పాలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు వ్రాసినాడు. తాతముత్తాతలందరూ ముడతలతో, పులిపిరులతో సహా మనుమడి వెంట నడిచి వస్తారన్నమాట. అటువంటి వారు నాణెం మీద ముఖం దిద్దితే అది నున్నని ముఖం ఎలా అవుతుంది? క్రీ.పూ. 44లో, హత్యకు కొద్ది వారాల ముందు, జూలియస్ సీజర్ బొమ్మతో రోములో నాణేలు పడ్డాయి. బ్రతికి ఉండగా రోము నాణెం మీదికి ఎక్కిన తొలి రోమను అతడే. ఆ మెడ చూడండి, ఎండిన తాటికమ్మలా గీతలు గీతలుగా ఉంటుంది. తల మీద ఆకుల దండ మాత్రం దట్టం. బట్టతలను కప్పుకొనేందుకే ఆయన ఆ దండను అంతగా ఇష్టపడేవాడని వెనుకటి వారే నవ్వుకొన్నారు.

నీరో సంగతి మరీ చిత్రం. క్రీ.శ. 54లో పదహారేళ్ళకు గద్దె ఎక్కినాడు. తొలి నాణేల మీద లేత బుగ్గల పిల్లవాడు. పదేళ్ళు తిరిగేసరికి మెడా గడ్డమూ ఒకటైపోయి, జుట్టు మెట్లు మెట్లుగా దువ్వించుకొన్న స్థూలకాయుడు. ఏ సంవత్సరం ఎంత లావెక్కినాడో నాణేలు వరుసగా పేర్చి చెప్పవచ్చు. అతడి తరువాత అంతర్యుద్ధం జరిగి, క్రీ.శ. 69లో వెస్పాసియన్ అనే ముసలి సేనాని చక్రవర్తి అయినాడు. బట్టతల, నుదుటి మీద ముడతలు, కొక్కెం ముక్కు, బిగించిన పెదవులు. మా వైపు ధాన్యం కొట్లో త్రాసు పట్టుకొని నిలబడిన పెద్దమనిషిలా ఉంటాడు.

ఇక్కడే నాకు దండి గుర్తుకు వచ్చినాడు. ఉన్న వస్తువును ఉన్నట్టుగా చెప్పడాన్ని మన ఆలంకారికులు స్వభావోక్తి అన్నారు. దండి కావ్యాదర్శంలో దానికి అలంకారాలలో మొదటి పీట వేసినాడు. తరువాతి వాడైన కుంతకుడు ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే అది అలంకరింపబడవలసిన శరీరమే అవుతుంది గాని అలంకారం ఎలా అవుతుందని అతడి ఆక్షేపణ. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను కుంతకుడి పక్షం. వెస్పాసియన్ ముఖం చూచిన తరువాత దండి పక్షానికి వచ్చినాను. ఎందుకంటారా? ఆ ముడతలు అక్కడ ఊరికే లేవు. నీరో విలాసాలతో విసిగిన ప్రజలకు, "నేను ఆ కోవ వాణ్ణి కాను, ఎండలో నడిచిన పాతకాలపు సిపాయిని" అని చెప్పడానికి ఆ ముడతలు కావాలి. అచ్చు చెక్కినవాడు లేని ముడత పెట్టి ఉండకపోవచ్చు. ఉన్న ముడతను దాచకుండా ఉంచడానికి మాత్రం కారణం ఉన్నది. దండి చెప్పిన అలంకారం ఇదే.

సరే, రోమనుల నాణేలన్నీ ఇలాగే ఉన్నాయా అంటే లేవు. పైగా మన దేశానికి ఎక్కువగా వచ్చినవి ఇలాంటివి కావు. దక్షిణాదిన దొరికిన రోమను వెండి నాణేలలో అధికభాగం అగస్టస్‌వి, అతడి తరువాతి తిబేరియస్‌వి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటనే 1,500కు పైగా వెండి నాణేలు దొరికినాయి. అగస్టస్ క్రీ.పూ. 63లో పుట్టి క్రీ.శ. 14లో, డెబ్బయ్యారేళ్ళకు నెల తక్కువగా, చనిపోయినాడు. నాణెం మీద అతడికి ఏనాడూ ముప్పయి దాటలేదు. మనుమలు గైయస్, లూషియస్‌ల బొమ్మలతో క్రీ.పూ. 2 నుంచి వేయించిన నాణెం ఒకటి మనవైపు విరివిగా దొరుకుతుంది. వెనుకవైపు మనుమలు డాళ్ళు పట్టుకొని నిలుచుంటారు, ముందువైపు అరవయ్యేళ్ళ తాతగారు వారి అన్నగారిలా ఉంటారు. ఇది స్వభావోక్తి కాదు, శుద్ధమైన ప్రబంధ నాయక వర్ణనం. మా లెక్కల మేష్టారు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇదేమంత దూరపు సంగతి కూడా కాదు. మన అమ్మమ్మల కాసులపేర్లలో విక్టోరియా కాసులు చూచినవారు ఇంకా ఉన్నారు. ఇంగ్లీషు బంగారు కాసు మీద ఆ రాణికి మూడు ముఖాలు. 1887 దాకా కొప్పు ముడిచిన పడుచుపిల్ల, ఆ తరువాత చిన్న కిరీటం పెట్టుకొన్న పెద్దావిడ, 1893 నుంచి మేలిముసుగు వేసుకొన్న వృద్ధురాలు. ఒకే పేరులో మూడూ కూర్చి ఉంటే ఒక ఆడమనిషి జీవితమంతా మెడ చుట్టూ తిరుగుతుంది. అదే రాణి మన వెండి రూపాయి మీద మాత్రం 1862లో ఎట్లా ఉన్నదో 1901లో ఎనభై ఒకటో ఏట చనిపోయేదాకా అట్లాగే ఉన్నది. సొంత దేశంలో ముసలిదయ్యే హక్కు ఉన్న రాణికి పరిపాలిత దేశంలో ఆ హక్కు లేకపోయింది. రోము నుంచి మనకు వచ్చిన వృద్ధాప్యం లేని తాతగారూ, లండను నుంచి మనకు వచ్చిన వృద్ధాప్యం లేని అవ్వగారూ ఒక్క తానులో గుడ్డలే.

ఆ పరాయి ముఖాలను మనవాళ్ళు ఏం చేసుకొన్నారన్నది నాకు ఇంకా ఆసక్తి కలిగించే విషయం. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతూ ఉంటే నాగలి ఇటుకకట్టుకు తగిలింది. చిన్న గుడి శిథిలం, దాని క్రింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. ఆ రైతు వాటిని పాత బంగారంగా అమ్ముకొన్నాడు. చాలా భాగం కరిగిపోగా మిగిలినవాటి మీద ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా మహారాణి కనిపించారు. ఆ రైతును నేను తప్పు పట్టను. రాజెవడైతేనేం, గీటురాయి మీద గీత ఒక్కటే. తమిళనాట పుదుక్కోటలో 1898లో దొరికిన 501 బంగారు నాణేలలో నూటికి తొంభైకి పైగా ముఖం మీద ఉలిగాటుతో ఉన్నాయి. మళ్ళీ చెలామణీలోకి రాకుండా కొట్టారని కొందరు, ముఖం పట్ల ఏదో విముఖత అని కొందరు. సంగారెడ్డి జిల్లా కొండాపురంలో మరో విధం: తిబేరియస్ నాణెం చూచి మట్టితో బిళ్ళలు చేసి, కాల్చి, మెడలో వేసుకొన్నారు. పేదవాడి కాసులపేరు అనుకోవచ్చును. తిబేరియస్ ముఖం మీద ఎవరికీ భక్తి ఉండి కాదు. గుండ్రని బిళ్ళలో ఒక తల ఉంటే అందం, అంతే.

మాటలు కూడా అలాగే మిగిలినాయి. రోమనుల 'దెనారియస్' సంస్కృతంలో దీనారమై, శ్రీనాథుని కనకాభిషేకపు చాటువు దాకా నడిచి వచ్చింది. తెలుగు బైబిలులో కైసరు ముఖమున్న నాణెం పేరు 'దేనారము'. మా కోనసీమలో ఒకే వీధిలో ఒక ఇంటివారు దీనారమనీ ప్రక్కింటివారు దేనారమనీ చదువుతారు, ఒకే నాణెమని ఇద్దరికీ తోచదు. ఇక 'రూప్యం' అన్న మాటకు, కొట్టబడిన రూపం గలది అని పాణినీయుల వ్యుత్పత్తి. దాని నుంచే రూపాయి. మెడలో కట్టే బిళ్ళను మన ఆడవారు 'రూపు' అంటారు. రూపం, రూపాయి, రూపు: మూడింటికీ ముఖంతో ఎంత చుట్టరికమో చూడండి.

ఇప్పుడు శాతవాహనుల దగ్గరకు వద్దాం. వారి నాణేలలో అత్యధికం సీసం, రాగి, పోటిను అనే మిశ్రలోహం. వాటి మీద ఏనుగు, సింహం, గుర్రం, ఓడ, విల్లువంపుల కొండ, ఉజ్జయినీ చిహ్నం. ముఖం లేదు. నాసిక్ దగ్గర జోగల్తెంబిలో 1906లో 13,000కు పైగా వెండి నాణేలు దొరికినాయి. అన్నీ నహపానుడనే క్షహరాత క్షత్రపుడివి, తల బొమ్మతో ఉన్నవి. వాటిలో 9,000కు పైగా నాణేలను, నహపానుణ్ణి ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి తిరిగి ముద్ర వేయించినాడు. గెలిచినవాడు ఓడినవాడి ముఖం మీద తన ముఖం వేసుకోవడం సహజం. ఈయన వేసినది విల్లువంపుల కొండ, దాని క్రింద అలల గీత, చుట్టూ తన పేరు. కొన్నిటి మీద ఆ కొండ వంపుల నడుమ నుంచి నహపానుడి ముక్కో కన్నో ఇంకా తొంగి చూస్తూనే ఉంటుంది. ఆ కొండ బొమ్మను చైత్యమనేవారున్నారు, కొండే అనేవారున్నారు. నాకు మాత్రం దాన్ని చూస్తే మామిడికుదురు దగ్గర వైనతేయ తీరాన ఉన్న ఆదుర్రు దిబ్బ గుర్తుకు వస్తుంది. 1953లో పురావస్తు శాఖవారు త్రవ్వగా అక్కడ మహాస్తూపం ఇటుకలు బయటపడినాయి. ఎవరి ముఖమూ లేని ఇటుకల వలయం. రాజోలు వైపు వెళ్ళేవారు ఆగి చూడదగ్గది.

నహపానుడి ముఖాల గురించి ఇంకొక మాట. ఆ నిధిని పరిశీలించి 1908లో ప్రకటించిన స్కాట్ అనే ఆయన, పేరు ఒక్కటే అయినా ముఖాలు ఒక్కటి కావని గమనించినాడు. ఒకటి పడుచు ముఖం, ఒకటి ముసలి ముఖం. ఒక ముక్కు సూటిగా, ఒక ముక్కు వంపుగా. ఒకే మనిషివి కాజాలవనీ, ఆ వంశంలో పలువురివై ఉండవచ్చుననీ ఆయన ఊహ. అచ్చులు చెక్కిన చేతులు వేరు కావడం వల్లనే అని నా ఉద్దేశం. రోమను పద్ధతికి అలవాటు పడిన కంటికి ముక్కు మారితే మనిషి మారినట్టు. చెక్కినవాడికి ముక్కు ఒక అక్షరం వంటిది. నా 'అ' వేరు, మీ 'అ' వేరు, అయినా రెండూ 'అ'యే. ఆ నాణేల చుట్టూ ఉండే గ్రీకు అక్షరాలు కూడా క్రమంగా చదవరాని గీతలైపోయినాయి. అక్షరం బొమ్మగా మారింది, బొమ్మ అక్షరంగా మారింది.

గౌతమీపుత్రుడి కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావి, ఆ తరువాత వాసిష్ఠీపుత్ర శాతకర్ణి, యజ్ఞశాతకర్ణి వెండి నాణేలు వేయించినప్పుడు క్షత్రపుల పద్ధతిలోనే తల బొమ్మ పెట్టించినారు. వెండి చెలామణీ అయ్యే పడమటి సీమలో జనానికి అలవాటైన రూపం అదే. శత్రువుల నుంచి ప్రాంతం తీసుకొన్నారు, నాణెం ఆకారం తీసుకొన్నారు, చివరికి పిల్లను కూడా తెచ్చుకొన్నారు: వాసిష్ఠీపుత్ర శాతకర్ణి భార్య మహాక్షత్రపుని కుమార్తె అని కన్హేరీ శాసనం. అందుచేత ఆ ముఖం పోలిక కోసం పెట్టినది కాదు. ఇది వెండి నాణెం, చెల్లుతుంది అని చెప్పే గుర్తు.

వారి సొంత మాట నాణెం వెనుకవైపు ఉన్నది. ముందువైపు తల చుట్టూ ప్రాకృతం: "రఞో వాసిఠిపుతస సిరి పులుమావిస". వెనుకవైపు అదే సంగతి ద్రావిడ భాషలో: "అరహణకు వాహిఠి మాకణకు తిరు పులుమావికు". పాఠంలో అక్షరభేదాలు ఉన్నాయి, అది తమిళమా, మరొక ద్రావిడ దేశభాషా అన్న వివాదమూ ఉన్నది. తిరు, మాకణ అన్న మాటలు ఉన్నందున తమిళమనే వారి పక్షం బలమైనదే. తెలుగు పండితుణ్ణి గనుక దాన్ని తెలుగు చేయాలన్న పట్టుదల నాకు లేదు. నా కన్ను నిలిచింది ఆ 'కు' దగ్గర. ప్రాకృతంలోని 'స' సంస్కృతపు షష్ఠీ విభక్తి. దానికి ఎదురుగా వెనుకవైపు 'కు'. చిన్నయసూరి బాలవ్యాకరణంలో 'కిన్, కున్' ఏ విభక్తి? చతుర్థి కాదు, షష్ఠి! 'కు' షష్ఠి ఎలా అవుతుందని తరగతిలో తెలివైన పిల్లలు అడిగేవారు. పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితమే ఒక టంకశాలలో 'స'కు ఎదురుగా 'కు' పెట్టి కొట్టారని అప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! చిన్నయసూరి ఈ నాణెం చూచి సూత్రం వ్రాశాడని కాదు నేననేది. భాష చెక్కే చోట ఆ టంకశాల వారి చూపు ఎంత సూక్ష్మమో చెప్పడం. సీజరు మెడ మీద గీతలు లెక్కపెట్టినవాడికంటే తక్కువ చూపు కాదు అది.

ఇంతవరకు మా మిత్రుడితో వాదం. ఇక నాతో నాకు ఉన్న వాదం.

గౌతమీపుత్ర శాతకర్ణి ముఖం ఎలా ఉండేదో చెప్పగల సాక్షి ఒకరున్నారు, ఆయన కన్నతల్లి బాలశ్రీ. పులుమావి పందొమ్మిదో పాలనా సంవత్సరంలో నాసిక్ గుహలో ఆమె వేయించిన శాసనంలో కొడుకు వర్ణన ఉన్నది. సూర్యకిరణాలకు విచ్చుకొన్న తామర వంటి ముఖం, నిండు చంద్రుడి వంటి ముఖం, మేలైన ఏనుగు నడక, సర్పరాజు శరీరం వంటి బాహువులు. కొడుకు లోకంలో లేడు, తల్లి ముసలిది, మనుమడు రాజు. ఆమె చెప్పించిన మాటలలో ఒక్కటి కూడా ఆ ఒక్క కొడుకుకే చెందేది కాదు. తామరా చంద్రుడూ ఏ రాజుకైనా సరిపోతాయి. పాఠం చెప్పే రోజులలో దీన్ని నేను ఉపమాలంకారానికి ఉదాహరణగా చెప్పి ముందుకు సాగేవాణ్ణి.

మా ఇంట్లో జరిగినది వేరు. మా నాన్నగారికి ఉన్న ఫోటో ఒక్కటే. 1967 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళినప్పుడు బంధువులతో కలిసి తీయించుకొన్నది. ఎడమ కనుబొమ మీద ఆయనకొక మచ్చ ఉండేది, చిన్నతనంలో నూతి గిలక తగిలినది. 1981లో ఆయన పోయినప్పుడు ఆ ఫోటోలో నుంచి ముఖం వేరుచేసి పెద్దది చేయమని ఒక స్టూడియోకు ఇచ్చాము. వారు శ్రద్ధగానే చేసినారు. లేని శాలువా కప్పినారు, జుట్టు నల్లగా దిద్దినారు, మచ్చ తీసివేసినారు. అందరూ చాలా బాగుందన్నారు. మా అమ్మ చాలాసేపు చూచి, "మీ నాన్నగారి మచ్చ ఏదిరా? గోడకు వేసినట్టు దానిక్కూడా సున్నం వేశారా?" అన్నది. మరునాడు కాటుక తెచ్చి, అద్దం మీద, కనుబొమ దగ్గర, వేలితో చిన్న గీత పెట్టింది. పండుగలకు అద్దం తుడిచినప్పుడల్లా గీత పోయేది. అమ్మ మళ్ళీ పెట్టేది. ఆవిడ ఉన్నంతకాలం అట్లా జరిగింది.

కాబట్టి చూడడం మనవాళ్ళకు రాదన్న మాట నేను ఒప్పుకోను. కాని బాలశ్రీ శాసనం ఇప్పుడు చదివితే మునుపటిలా పాఠం చెప్పి సాగిపోలేకపోతున్నాను. ఆమెకు కూడా ఏదో ఒక మచ్చ తెలిసే ఉంటుంది కదా! శాసనం రాజ్యానిది, అక్కడ మచ్చకు చోటు లేదు. అద్దం మీది కాటుక ఒక ఇంటిది. రోమనులు ఇంటి మైనపు ముఖాన్ని నాణెం మీదికి తెచ్చినారు, అదీ కొన్ని కాలాలలో, అవసరం పడినప్పుడు. మనవాళ్ళు దాన్ని ఇంటిలోనే ఉంచుకొన్నారు. అందుకని మనకు అది దొరకలేదు.

పేరు మీద మనవాళ్ళకు ఉన్న నమ్మకం ముఖం మీద లేదనిపిస్తుంది. భాసుని ప్రతిమానాటకంలో భరతుడు ప్రతిమాగృహంలోకి వెళ్ళి తాతముత్తాతల విగ్రహాలు చూస్తాడు. ఎవరెవరో అర్చకుణ్ణి అడిగి తెలుసుకొంటాడు. కన్నతండ్రి విగ్రహం ఎదుట ఉన్నా, ఆ గదిలో పోయినవారి విగ్రహాలే ఉంచుతారని అర్చకుడు చెబితే గాని అతడికి దశరథుడు పోయిన సంగతి తెలియదు. నాటకంలో అది కన్నీళ్ళు తెప్పించే ఘట్టం. లెక్కల మేష్టారు వింటే "చూశారా, తండ్రినే గుర్తు పట్టలేదు" అంటారు! జున్నర్ దగ్గర నానేఘాట్ గుహలో శాతవాహన రాజకుటుంబం శిల్పాలు నిలువెత్తున ఉండేవి. శిముకుడు, శాతకర్ణి, రాణి నాగనిక, కుమారులు. ముఖాలు, శరీరాలు అన్నీ పోయినాయి. తలల పైన చెక్కిన పేర్లు, అడుగున పాదాల ఆనవాళ్ళు మిగిలినాయి.

ఇదంతా మొన్న మా మిత్రుడికి వినిపించినాను. శ్రద్ధగా విని, "'కు' సంగతి బాగుంది, నీరో లావు సంగతి కూడా బాగుంది. కాని గౌతమీపుత్రుడి ముక్కు ఎలా ఉండేదో మీరింకా చెప్పలేదు" అన్నారు. ఆదివారం ఇద్దరం కలిసి ఆదుర్రు వెళ్తున్నాము. యజ్ఞశాతకర్ణి వెండి నాణెం ఏ ప్రదర్శనశాలలోనైనా స్వయంగా చూచిన మిత్రులు, దాన్ని వెనుకవైపు త్రిప్పి పెట్టారో ముందువైపు పెట్టారో వ్రాయగలరు.